పిన్ను పట్టినంత మాత్రాన అది సరైన అడాప్టరు కాదు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

అడాప్టరు మారిపోవడం వల్ల పాడైన, లేదా పాడవుతాయేమోనని అనుమానం కలిగిన వస్తువుల గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం.

ప్రశ్న: ఇంటికి రంగులు వేయించినప్పుడు రూటరు, సెట్‌టాప్ బాక్సు, మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటున్న కీబోర్డు, వీటి అడాప్టర్లన్నిటినీ ఒకే సంచిలో వేశాం. మళ్లీ సర్దుకునేటప్పుడు అందులో ఒకటి తీసి కీబోర్డుకు పెడితే పిన్ను చక్కగా పట్టింది. స్విచ్ వేయగానే టిక్కుమని చిన్న శబ్దం వచ్చి కాలిన వాసన వేసింది. తరువాత అసలు అడాప్టరు దొరికింది కానీ, దానితో కూడా కీబోర్డు పలకడం లేదు. కీబోర్డు వెనుక 9 వోల్టులని, మేము పెట్టిన అడాప్టరు మీద 12 వోల్టులని రాసి ఉంది. పిన్ను అంత సరిగ్గా పట్టినప్పుడు లోపల ఎందుకు కాలాలి? ఇక ఇది బాగుపడదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అడాప్టరు చివర ఉండే గుండ్రటి పిన్ను కొలతకూ, దానిలోంచి వచ్చే వోల్టేజికీ ఎలాంటి సంబంధమూ లేదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పిన్ను బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 2.1 లేదా 2.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ ఒక్క కొలతలోనే 5 వోల్టుల అడాప్టర్లు, 9 వోల్టులవి, 12 వోల్టులవి, 19, 24 వోల్టులవి కూడా తయారవుతున్నాయి. వోల్టేజిని బట్టి పిన్ను కొలత మారేలా జపాను పరిశ్రమ ఒక ప్రమాణాన్ని రూపొందించింది కానీ, మన చేతికి వచ్చే వస్తువుల్లో దాన్ని పాటించినవి అరుదు. కాబట్టి పిన్ను పట్టడాన్ని అనుమతిగా తీసుకోవడం సహజమే అయినా, అది తప్పుదారి పట్టించే నమ్మకం.

మీ విషయంలో వోల్టేజి తేడా ఒక్కటే కాకుండా, ప్లస్సు మైనస్సులు కూడా తారుమారై ఉండవచ్చునని నా అనుమానం. అడాప్టరు లేబులు మీద ఒక చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ పూర్తిగా మూసుకోని ఒక వలయం, ఆ రెండింటినుంచి చెరో వైపుకు గీతలు, ఆ గీతల చివర ప్లస్ గుర్తు, మైనస్ గుర్తు. మధ్య చుక్క నుంచి వెళ్లిన గీత ప్లస్సును చేరితే పిన్ను లోపలి భాగం ప్లస్సు, బయటి లోహపు గొట్టం మైనస్సు అని అర్థం. రూటర్లు, సెట్‌టాప్ బాక్సులు, సీసీ కెమెరాలు దాదాపు అన్నీ ఈ పద్ధతిలోనే ఉంటాయి. సంగీత పరికరాల్లో మాత్రం ఇందుకు విరుద్ధమైనవి ఎన్నో ఉన్నాయి. కాసియో పాత కీబోర్డులకు చాలాకాలం పాటు మధ్య భాగం మైనస్సుగా ఉన్న 9 వోల్టుల అడాప్టరు వచ్చేది. అదే కంపెనీ తరువాతి మోడళ్లలో చాలావాటికి మధ్య ప్లస్సుగా ఉన్న 9.5 వోల్టుల అడాప్టరు వస్తోంది; యమహా కీబోర్డుల్లో అనేకం 12 వోల్టులు, మధ్య ప్లస్సు. గిటారుకు తగిలించే ఎఫెక్ట్ పెడళ్లు 9 వోల్టులు, మధ్య మైనస్సు. ఒకే కంపెనీ వస్తువుల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు కంపెనీ పేరు చూసి అడాప్టరు ఎంచుకోవడం కూడా క్షేమం కాదు. మీ కీబోర్డు వెనుక, పిన్ను పెట్టే రంధ్రం పక్కన కూడా ఇదే బొమ్మ చిన్నగా అచ్చువేసి ఉంటుంది. ఆ రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయో లేదో మొదట చూడండి.

ఇక లోపల ఏం జరిగి ఉంటుందంటే, కరెంటు రాగానే మొదట ఎదురయ్యేవి కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్, కరెంటును కాసేపు నిల్వ ఉంచుకునే డబ్బా ఆకారపు కెపాసిటర్, వోల్టేజిని తగ్గించి స్థిరపరిచే రెగ్యులేటరు. కెపాసిటరు ఒంటి మీద అది తట్టుకోగల గరిష్ఠ వోల్టేజి రాసి ఉంటుంది. 9 వోల్టుల పరికరంలో 16 వోల్టుల కెపాసిటరు వాడి ఉంటే 12 వోల్టులకు అది తట్టుకుంటుంది. ఖర్చు తగ్గించుకోవడానికి 10 వోల్టులది పెట్టి ఉంటే తట్టుకోదు. ప్లస్సు మైనస్సులు తిరగబడితే మాత్రం ఎంత రేటింగు ఉన్నా ఈ రకం కెపాసిటర్లు వేడెక్కి, లోపలి ద్రవం ఆవిరై, పైనున్న అల్యూమినియం మూత ఉబ్బి గాట్ల దగ్గర చిట్లుతుంది. టిక్కుమనే శబ్దం, దాని వెంటే ఘాటైన వాసన తరచూ వచ్చేది అక్కడి నుంచే. డిజైను చేసినవారు జాగ్రత్తపరులైతే తిరగబడిన కరెంటు లోపలికి రాకుండా మొదటే ఒక డయోడ్ పెడతారు. అది కరెంటు వచ్చే దారిలోనే వరుసలో ఉంటే కరెంటు లోపలికే వెళ్లదు, ఏ నష్టమూ జరగదు. ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య అడ్డంగా ఉంటే తాను షార్టయి మిగతా బోర్డును కాపాడుతుంది. అసలు డయోడే లేని చౌక వస్తువుల్లో దెబ్బ నేరుగా ఐసీలకు, అంటే చిప్పులకు తగులుతుంది. స్పీకరును పలికించే యాంప్లిఫయరు ఐసీకి చాలా కీబోర్డుల్లో కరెంటు నేరుగా వెళుతుంది కాబట్టి మొదట పోయేది తరచూ అదే.

కాబట్టి బాగుపడదని ఇప్పుడే నిశ్చయించుకోకండి. మీ కీబోర్డుకు బ్యాటరీల అర ఉంటే, 9 వోల్టులకు ఒక్కొక్కటి 1.5 వోల్టుల సెల్లులు ఆరు పడతాయి. కొత్త సెల్లులు వేసి ఆన్ చేయండి. పలికితే, చెడింది అడాప్టరు పిన్ను పెట్టే వైపు భాగం మాత్రమే. అక్కడి డయోడు ఖరీదు కొన్ని రూపాయలే, మార్చే పని కూడా చిన్నదే. పలకకపోగా సెల్లులు వెచ్చబడుతూ ఉంటే వెంటనే తీసేయండి, బోర్డులో ఎక్కడో షార్టుందని అర్థం. మెకానిక్కుకు ఇచ్చేటప్పుడు "పని చేయడం లేదు" అని ఊరుకోకుండా, ఏ అడాప్టరు పెట్టారో, దాని వోల్టేజి ఎంతో, బొమ్మ ఎలా ఉందో చెప్పి, వీలైతే ఆ అడాప్టరును కూడా వెంట తీసుకువెళ్లండి. ఆ సమాచారం ఉంటే అతను బోర్డు మొత్తం మార్చాలనడానికి ముందు పవరు వైపు భాగాలను పరీక్షిస్తాడు. సంగీతం నేర్చుకునే పిల్ల వాడే వస్తువును అంత తేలికగా వదులుకోవలసిన అవసరం లేదు.

ప్రశ్న: మా రూటరు అడాప్టరు 12 వోల్టులు, 1 ఆంపియరు. అది పోతే షాపతను 12 వోల్టులు, 2 ఆంపియర్లది ఇచ్చాడు. ఎక్కువ ఆంపియర్ల వల్ల రూటరు కాలిపోతుందని స్నేహితుడు భయపెట్టడంతో దాన్ని పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న 9 వోల్టుల పాత అడాప్టరు వాడుతున్నాను. పనిచేస్తోంది కానీ, సాయంత్రం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు రూటరు దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోంది.
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: షాపతను ఇచ్చిందే సరైనది. దాన్ని నిరభ్యంతరంగా వాడండి. వోల్టేజిని అడాప్టరు నిర్ణయిస్తుంది. ఎన్ని ఆంపియర్లు తీసుకోవాలన్నది పరికరం నిర్ణయిస్తుంది. అడాప్టరు మీద రాసిన ఆంపియర్లు అది ఇవ్వగల గరిష్ఠ పరిమాణం మాత్రమే. గిన్నెలో అన్నం ఎక్కువ ఉన్నంత మాత్రాన తినేవాడు ఆకలికి మించి తినడు కదా. 2 ఆంపియర్ల అడాప్టరు 1 ఆంపియరు పనిని వేడెక్కకుండా చేస్తుంది కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది కూడా.

మీరిప్పుడు వాడుతున్నదే సరిపోని అడాప్టరు. రూటరు లోపల 12 వోల్టులను 5 వోల్టులకు, 3.3 వోల్టులకు దించే సర్క్యూటు ఉంటుంది. బయటి వోల్టేజి తగ్గితే అది చేతులు ముడుచుకొని కూర్చోదు, అదే పనికోసం ఆంపియర్లు ఎక్కువగా లాగుతుంది. 12 వోల్టుల వద్ద 1 ఆంపియరు అంటే 12 వాట్లు. అదే 12 వాట్లు 9 వోల్టుల నుంచి కావాలంటే దాదాపు 1.33 ఆంపియర్లు తీయాలి. మీ పాత అడాప్టరు అంత ఇవ్వగలిగేది కాకపోతే, ఫోన్లన్నీ వైఫైకి తగులుకునే సాయంత్రం వేళ వోల్టేజి ఇంకా కుంగి రూటరు ఆగిపోతుంది. తక్కువ వోల్టేజి వల్ల రూటరు కాలే ప్రమాదం తక్కువే. కానీ శక్తికి మించి లాగబడుతున్న ఆ అడాప్టరు కాలవచ్చు. రూటరు తన సాఫ్ట్‌వేరును సరిచేసుకుంటున్న సమయంలో ఇలా ఆగితే అది మళ్లీ మొదలుకాకుండా పోవచ్చు. 12 వోల్టులు, అర ఆంపియరు అని రాసి ఉన్నది ఎవరైనా ఇచ్చినా ఇదే కారణంగా తీసుకోకండి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయి కాళ్ల నొప్పులకని ఒక మసాజు యంత్రం తెచ్చి ఇచ్చింది. అమెరికా పిన్నులు మన సాకెట్టులో పట్టవు కనుక, పిన్నులు మార్చే ప్లగ్గు కొని దానికి తగిలించి పెట్టాను. రెండు నిమిషాల్లో అడాప్టరు పొగచిమ్మి ఆగిపోయింది. దాని మీద ఇన్‌పుట్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని, అవుట్‌పుట్ డీసీ 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉన్నాయి. యంత్రం కూడా పోయినట్టేనా?
– ఒక పెద్దవారు, రాజమహేంద్రవరం

జవాబు: యంత్రం క్షేమంగా ఉండే అవకాశమే ఎక్కువండీ. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మీరు కొన్న ప్లగ్గు పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది తప్ప వోల్టేజిని మార్చదు. 120 వోల్టులకు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మరు మీద దాదాపు రెండింతల వోల్టేజి పడేసరికి దాని ఇనుప గుండె అయస్కాంత శక్తిని ఇక భరించలేని స్థితికి చేరి, గోడ సాకెట్టు కరెంటు వచ్చే మొదటి చుట్టలోని తీగ అదుపులేకుండా కరెంటు లాగి వేడెక్కుతుంది. మంచి అడాప్టర్లలో ఆ చుట్టలోనే వేడికి తెగిపోయే ఫ్యూజు ఒకటి దాగి ఉంటుంది. సాధారణంగా ఇలా మొదటి వైపే కాలి ఆగిపోతుంది కనుక దెబ్బ యంత్రం దాకా పోయే సందర్భాలు తక్కువ.

ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని, అవుట్‌పుట్ డీసీ 12 వోల్టులు, 2 ఆంపియర్లు లేదా అంతకు మించి అని రాసి ఉన్న అడాప్టరు మన బజారులోనే దొరుకుతుంది. పాత అడాప్టరు బొమ్మలో మధ్య ప్లస్సో మైనస్సో చూసి, దానికి సరిపోలేది, పిన్ను కొలత కూడా కలిసేది తీసుకోండి. పాతదాన్ని షాపుకు తీసుకువెళ్లడమే ఉత్తమం. అడాప్టర్లు మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ వద్ద తప్పనిసరిగా నమోదు కావలసిన వస్తువులు. లేబులు మీద ఐఎస్ అని ప్రమాణం సంఖ్య, ఆర్ అన్న అక్షరం తరువాత ఎనిమిది అంకెల నమోదు సంఖ్య ఉండాలి. అవి లేనిదాన్ని ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి. లోపల 230 వోల్టులకూ మీ చేతికి తగిలే తీగకూ మధ్య తగినంత ఎడం ఉంచారో లేదో పైనుంచి చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

విదేశాల నుంచి పిల్లలు తెచ్చే వస్తువులన్నిటికీ ఇదే పరీక్ష. లాప్‌టాపు, ఫోను ఛార్జర్లు దాదాపు అన్నీ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి కాబట్టి వాటికి పిన్ను మార్చే ప్లగ్గు చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉన్న హెయిర్ డ్రయ్యరు, అన్నం వండే కుక్కరు వంటివాటిని మాత్రం నేరుగా పెట్టకూడదు. వేడిచేసే తీగకు వోల్టేజి రెండింతలకు దగ్గరైతే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. వాటి వాట్లకు తగ్గ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనడం కంటే ఇక్కడే కొత్త కుక్కరు కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: టేబులు మీద పెట్టుకునే పెద్ద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుకు పొరపాటున లాప్‌టాపు ఛార్జరు పెట్టాను. డిస్కు 12 వోల్టులది, ఛార్జరు 19 వోల్టులది. ఇప్పుడు లైటు కూడా వెలగడం లేదు. చనిపోయిన మా నాన్నగారి ఫొటోలు, మా పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ముందుగా ఒక మాట. ఆ డిస్కుకు ఇక ఏ అడాప్టరూ పెట్టి చూడకండి, అసలు అడాప్టరుతో కూడా వద్దు. ఫొటోలు నిలిచి ఉన్నవి లోపలి పళ్లేల మీద. 19 వోల్టులు వాటిని తాకవు. కాలింది సర్క్యూటు, దాన్ని దాటి ఫొటోలను చేరే మార్గాలు ఉన్నాయి.

ఇలాంటి డబ్బాల్లో రెండు బోర్డులు ఉంటాయి. ఒకటి యూఎస్‌బీ తీగను డిస్కుకు కలిపే చిన్న బోర్డు, రెండోది డిస్కు కిందే బిగించి ఉండే అసలు బోర్డు. అడాప్టరు నుంచి వచ్చే 12 వోల్టులు డిస్కు మోటారుకు వెళతాయి. వాటినుంచే చిన్న బోర్డు 5 వోల్టులను తయారుచేసి డిస్కు సర్క్యూటుకు ఇస్తుంది. ఈ చిన్న బోర్డు ఒక్కటే కాలి ఉంటే డిస్కును బయటికి తీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే చదువుతుంది. అయితే కొన్ని మోడళ్లలో ఆ చిన్న బోర్డే ఫొటోలను సంకేత భాషలోకి మార్చి రాస్తుంది. అలాంటి డిస్కును నేరుగా తగిలిస్తే ఖాళీగా కనిపిస్తుంది, కంప్యూటరు "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. పొరపాటున కూడా సరేననకండి. కాలిన చిన్న బోర్డును కూడా పారేయకుండా డిస్కుతో పాటే ఉంచండి.

అసలు బోర్డు మీద, పవరు వచ్చే చోట, నల్లటి గింజల్లాంటి రెండు రక్షణ డయోడ్లు ఉంటాయి. ఒకటి 12 వోల్టుల దారికి, మరొకటి 5 వోల్టుల దారికి. వోల్టేజి హద్దు మీరితే అవి తాము షార్టయి, వెనుకనున్న ఐసీలను కాపాడడానికే అక్కడ ఉన్నాయి. లైటు సైతం వెలగకపోవడానికి అదే కారణం కావచ్చు, అలా అయితే అది మంచి సూచనే. మల్టీమీటరుతో కొలిస్తే షార్టయిన డయోడు ఇట్టే తెలిసిపోతుంది. అనుభవమున్న మనిషి దాన్ని తీసేసి, సరైన 12 వోల్టులిచ్చి, మొదటిసారి తిరగగానే ఫొటోలన్నీ మరో డిస్కులోకి ఎక్కించుకుంటాడు. రక్షణ తీసేసిన డిస్కును ఆ తరువాత మామూలుగా వాడుకోవడం మాత్రం తగదు.

ఎవరైనా "అదే మోడలు బోర్డు తెచ్చి బిగిస్తే సరి" అంటే ఒప్పుకోకండి. ఆ బోర్డు మీదున్న ఒక చిన్న చిప్పులో ఈ డిస్కుకే ప్రత్యేకమైన సర్దుబాటు వివరాలు ఉంటాయి. ఆ చిప్పును కొత్త బోర్డుకు మార్చకుండా బిగిస్తే డిస్కు చదవదు. నాన్నగారి ఫొటోలు ఇంకెక్కడా లేవంటున్నారు కనుక, ఫోన్లు బాగుచేసే షాపుకు కాకుండా డేటా రికవరీ పనే చేసేవారి దగ్గరికి వెళ్లండి. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి, డిస్కు మూత తెరవవలసిన అవసరం లేని పని అని వారే నిర్ధారించుకునే దాకా వారిని తొందరపెట్టకండి.

ప్రశ్న: నా ఫోను ఛార్జరు 65 వాట్లది. దానితో చెవులకు పెట్టుకునే బ్లూటూత్ బడ్స్, గడ్డం ట్రిమ్మరు ఛార్జ్ చేస్తే పాడవుతాయా? ట్రిమ్మరుకు ఆ ఛార్జరుతో వచ్చిన తీగ పెడితే అసలు ఛార్జే ఎక్కడం లేదు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: యూఎస్‌బీ ఛార్జరు ఎన్ని వాట్లదైనా మొదట ఇచ్చేది 5 వోల్టులే. అవతలి పరికరం అడిగి, రెండిటి మధ్య ఒప్పందం కుదిరితేనే అది 9, 15, 20 వోల్టులకు వెళుతుంది. బడ్స్, ట్రిమ్మరు అలా అడగవు కాబట్టి వాటికి 5 వోల్టులే అందుతాయి, నష్టం లేదు. రెండు చివర్లా టైప్-సి ఉన్న తీగలో, అవతల పరికరం ఉందని గుర్తించేదాకా ఛార్జరు అసలు కరెంటే వదలదు. ఆ గుర్తింపుకు పరికరంలో 5.1 కిలో ఓముల రెసిస్టర్లు అనే చిన్న భాగాలు ఉండాలి. చౌక ట్రిమ్మర్లలో ఖర్చు మిగుల్చుకోవడానికి వాటిని పెట్టరు, మీ ఇబ్బందికి కారణం చాలావరకు అదే. ఒక చివర పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న తీగతో, మామూలు ఛార్జరుకు పెట్టండి, ఎక్కుతుంది.

ఇక్కడ నిజంగా భయపడవలసింది మరొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకుతో రూటరు నడపడానికి, ఒక చివర యూఎస్‌బీ, మరో చివర గుండ్రటి పిన్ను ఉన్న తీగ అమ్ముతున్నారు. దాని నడుమనున్న చిన్న డబ్బా 5 వోల్టులను 12 వోల్టులకు పెంచుతుంది. చూడటానికి మామూలు ఛార్జింగు తీగలాగే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరో దాన్ని 5 వోల్టుల ఎమర్జెన్సీ లైటుకో, నాలుగు సెల్లులతో 6 వోల్టుల మీద నడిచే బీపీ యంత్రానికో పెడతారు. రూటరుకు పెట్టే చిన్న యూపీఎస్‌లలోనూ 5, 9, 12 వోల్టుల రంధ్రాలు ఒకే కొలతతో పక్కపక్కనే ఉండే రకాలు ఉన్నాయి. బీపీ యంత్రం వంటిది పూర్తిగా ఆగిపోతే కనీసం తెలుస్తుంది. దెబ్బతిని కూడా పనిచేస్తూ తప్పుడు అంకె చూపిస్తే, దాన్ని నమ్మి పెద్దవాళ్లు మాత్ర వేసుకుంటారు. ఆ యంత్రానికి తప్పుడు తీగ ఒక్కసారి పెట్టినా, డాక్టరు దగ్గరి యంత్రంతో సరిపోల్చి చూసుకున్న తరువాతే మళ్లీ వాడండి.

ప్రశ్న: లేబులు చెరిగిపోయిన అడాప్టర్లు మూడున్నాయి. వేటివో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మామూలు డిజిటల్ మల్టీమీటరు సరిపోతుంది. డీసీ 20 వోల్టుల వద్ద పెట్టి, ఎర్ర తీగ మొనను పిన్ను మధ్య రంధ్రంలో, నల్లదాన్ని బయటి గొట్టానికి ఆనించండి. రెండు మొనలూ ఒకదానికొకటి తగలకూడదు. అంకె మామూలుగా వస్తే మధ్య ప్లస్సు, అంకె ముందు అడ్డగీత వస్తే మధ్య మైనస్సు. 20కి మించిన వోల్టేజి అయితే మీటరు ఎడమవైపు 1 మాత్రమే చూపిస్తుంది, అప్పుడు పై అంచెకు మార్చండి. దాదాపు ఏమీ చూపకపోతే ఏసీ వైపు పెట్టి చూడండి. కొన్ని పాత మోడెములకు ఏసీనే ఇచ్చే అడాప్టర్లు వచ్చేవి, వాటిని డీసీ పరికరానికి పెట్టకూడదు.

చేతిలో బరువుగా ఉండే పాతకాలపు అడాప్టరైతే మీటరు అంకెను ఉన్నదున్నట్టు నమ్మకండి. లోపల ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కెపాసిటరు తప్ప వోల్టేజిని స్థిరపరిచే సర్క్యూటు ఉండదు కనుక, పరికరం తగిలించనప్పుడు 12 వోల్టులది 16 దాకా, 9 వోల్టులది 12 లేదా 13 దాకా చూపవచ్చు. మీటరు 12 చూపిందని దాన్ని రూటరుకు పెడితే అక్కడ 9 వోల్టులే అందుతాయి. ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో మీటరుతో ఇలా తెలియదు. మీటరును ఆంపియర్ల వైపు తిప్పి పిన్నుకు ఆనిస్తే అడాప్టరును షార్టు చేసినట్టే, ఆ పని చేయవద్దు. తేలికపాటి అడాప్టరై, వోల్టేజి స్థిరంగా చూపేవాటి మీద తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి, వోల్టేజి, మధ్య గుర్తు మార్కరుతో రాసుకోండి. ఆంపియర్లు తెలియవు కనుక చిన్న పరికరాలకే వాడి, అరగంట తరువాత చేత్తో తాకి చూడండి. ముట్టుకోలేనంత వేడిగా ఉంటే అది ఆ పరికరానికి చాలదు.